చెవులమ్మ కొన్న స్టెతస్కోపు

ఆ పేరు పెట్టింది గుర్రపుస్వారీ నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు. పొద్దున్నే వాళ్ళు గేటు తోసుకుని వచ్చేసరికి ఆమె ఏదో ఒక గుర్రం డొక్కకు చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, బుగ్గ నలిగేలా నిలబడి ఉండేది. పక్కింటివాళ్ళు తన గురించి ఏమనుకుంటున్నారో గోడకు చెవిపెట్టి వింటున్న మనిషిలా.

"ఏమంటోంది చెవులమ్మా?" అని అడిగేవారు పిల్లలు.

"నిన్న నువ్వు మూటలా కూర్చున్నావంట. నడుం పట్టేసిందంటోంది."

ఆ మాట అన్నాక అరగంటసేపు ఆ పిల్ల జీను మీద కర్రలా నిటారుగా కూర్చునేది. అలా ఆ పేరు పిల్లల నుంచి ఆ స్వారీ బడి నడిపే సారుకు, సారు నుంచి పశువుల డాక్టరుకు పాకి, ఆమె అసలు పేరు ఇంట్లో పెట్టెలో ఉన్న కాగితాల్లో మాత్రమే మిగిలింది.

వినడం ఆమెకు మొగుడు నేర్పిన విద్య. అప్పట్లో ఆ గుర్రపుశాలకు కాపలా, కట్టూ, మాలిషూ, మందూ అన్నీ అతనే. పెళ్ళయిన వారానికి ఆమెను తీసుకొచ్చి, ఒక గోధుమరంగు గుర్రం పక్కన నిలబెట్టి, తలను మెల్లగా దాని డొక్కకు ఆనించాడు. ఆమెకు ఇరవై ఏళ్ళు. బుగ్గకు వెచ్చగా తగిలింది. ఆ వెచ్చదనం వెనక ఏదో కదులుతోంది.

"ఏం వినపడింది?"

"వాన."

"వానేంటి?"

"దూరంగా పడుతోంది. రేకుల మీద. ఆగి ఆగి."

అతను నవ్వలేదు. "అవి పేగులు. ఆ వాన పడుతున్నంతసేపు గుర్రానికి ఢోకా లేదు. ఆగిపోయిందంటే మాత్రం పరిగెత్తాలి. గుర్రం మనలా వాంతి చేసుకోలేదు. లోపల ఏది ఆగినా దానికి వెనక్కి పంపే దారి లేదు. గుర్తుపెట్టుకుంటావా?"

గుర్తుపెట్టుకుంది. పాతికేళ్ళు ఇద్దరూ కలిసి విన్నారు. ఎడమ వైపు పైనా కిందా అతను, కుడి వైపు పైనా కిందా ఆమె. గుర్రం మధ్యలో ఉండగా ఒకరికొకరు కనపడకుండా, "ఇటు పడుతోంది", "ఇటూ పడుతోంది" అని చెప్పుకునేవారు. వాళ్ళ సంసారంలో ఎక్కువ మాటలు అవే. రోజూ అన్ని గుండెలు లెక్కపెట్టిన మనిషి తన గుండె సంగతి ఎవరికీ చెప్పకుండా, ఒక ఉదయం బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, చేతిలో బ్రష్షుతోనే పోయాడు. పదకొండేళ్ళయింది. శాల తాళాలు సారు ఆమె చేతిలో పెట్టాడు. అప్పటి నుంచి డొక్కకు రెండు వైపులా ఆమె ఒక్కతే తిరిగి వినేది.

ఇంట్లో ఆమెకు తోడు ఆడపడుచు. మొగుడి చెల్లెలు. బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ వరసలో ఆగిందో చదువుతుంది. గొంతు ఊరంతటికీ తెలుసు, ముఖం ఎవరికీ తెలియదు. అక్కడివాళ్ళు ఆమెను గంట అంటారు. పెళ్ళి మాట ఎత్తితే, "నా గొంతు భరించేవాడు పుట్టాలి కదా" అని నవ్వేసి ఊరుకుంది, ఊరుకుంటూనే నలభై ఎనిమిదేళ్ళకు వచ్చింది. గుర్రాలంటే ఆమెకు హడల్. వదిన ఇంటికి రాగానే, "ముందు స్నానం, తర్వాత మాట" అనేది.

ఏడాది కిందట మొదలైంది. మొదట రేకుల మీద పావురాళ్ళు నడవడం మానేశాయి. తర్వాత గేటు కిర్రుమనడం మానేసింది. ఎవరో నూనె వేశారనుకుంది చెవులమ్మ. ఒక పొద్దున నల్లగుర్రం మసి డొక్కకు చెవి ఆనిస్తే వాన లేదు. అటు తిరిగింది. లేదు. పరిగెత్తింది. పశువుల డాక్టరు నోట్లో పళ్ళపొడితోనే వచ్చి, స్టెతస్కోపు పెట్టి నాలుగు చోట్లా విన్నాడు.

"పొట్ట మేళం వాయిస్తోంది కదమ్మా! నీ చెవులకు గానీ తాళం పడిందా?" అన్నాడు నవ్వుతూ.

సారు నవ్వాడు. పిల్లలు నవ్వారు. చెవులమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే లోపలికి వెళ్ళి గడ్డిమోపుల వెనక చాలాసేపు కూర్చుంది.

ఆ రోజు నుంచి ఆమె చెవి ఆనించడం మానలేదు. వినడం మానేసింది. దవడ ఎముక కింద నాడి మీద మూడు వేళ్ళు పెట్టి గుండెను లెక్కపెట్టేది. డొక్క ఎగిరిపడటం చూసి ఊపిరిని లెక్కపెట్టేది. జ్వరానికి థర్మామీటరు ఉంది. ఒక్క పొట్ట మాత్రమే కంటికీ చేతికీ అందేది కాదు. గడ్డి తింటోందా, పేడ వేస్తోందా అని చూసి, పొట్ట బాగుందని అనేసుకునేది. ఎనిమిది నెలలు అలా గడిచిపోయాయి.

తర్వాత రాగి.

ఆ శాలలో మూడు గుర్రాలు. మసి, బూడిద, రాగి. ఎవరి రంగు వాళ్ళ పేరు. రాగి ఆడగుర్రం. పిల్లలు ఎక్కేటప్పుడు కదిలితే పడిపోతారేమో అన్నట్టు ఊపిరి బిగబట్టి నిలబడేది. ఒక సాయంత్రం అది గడ్డి మూడో వంతు వదిలేసింది. ఒకసారి తల తిప్పి తన డొక్క వైపు తానే చూసుకుంది. చెవులమ్మ వెళ్ళి చెవి ఆనించింది. నిశ్శబ్దం. వెంటనే వెళ్ళి మసికి ఆనించింది. నిశ్శబ్దం. బూడిదకు ఆనించింది. అక్కడా నిశ్శబ్దమే.

మూడూ ఒకటే కదా, అనుకుంది. ఇది నా చెవే.

అప్పుడే సారు ఫోను చేశాడు. రోజూ సాయంత్రం చేస్తాడు. ఆమె ఫోను స్పీకరులో పెట్టి చెవికి గట్టిగా నొక్కుకుంది.

"అందరూ బాగున్నారా?"

"బాగున్నారు సార్. పొట్టలు మోగుతున్నాయి."

పదకొండేళ్ళుగా రోజూ అన్న మాట. అనాలని అనుకోకముందే నోరు దాటిపోయింది.

తెల్లారి వచ్చేసరికి రాగి పడుకుని ఉంది. కింద పరిచిన రంపపు పొట్టు చెమటతో ముద్దయింది. గోడ మీద డెక్కలు గీసిన గీతలు. ఆమె తల ఎత్తి ఒళ్ళో పెట్టుకుంటే, రాగి ఊపిరి బిగబట్టి కదలకుండా ఉంది, తన మీద పిల్లలెవరో ఎక్కుతున్నట్టు. డాక్టరు వచ్చేసరికే అంతా అయిపోవచ్చింది. పేగు మెలిపడిందన్నాడు.

"నిన్న సాయంత్రానికే పొట్ట ఆగిపోయి ఉండాలే. విన్నావా?"

"విన్నాను," అంది చెవులమ్మ. "మోగింది."

"నువ్వు విన్నావంటే మోగే ఉంటుంది. అయితే తర్వాత ఉన్నట్టుండి మెలిపడింది. నీ తప్పేం లేదమ్మా. ఏడవకు."

ఆ మన్నింపు ఆమె మీద కూలిన గోడలా పడింది. దాని కింద నుంచి ఆమె లేవలేకపోయింది.

రాగి పోయిన మూడు వారాలకు మసి గడ్డి వదిలేయడం మొదలుపెట్టింది. పన్నెండేళ్ళు పక్కపక్క గదుల్లో బతికిన గుర్రాలు. మధ్య గోడ పైనుంచి మెడ చాచి, ఖాళీ గదిని చూసేది. డాక్టరు వచ్చి చూసి, జబ్బేమీ లేదుగానీ జాగ్రత్తగా ఉండాలన్నాడు. రోజుకు రెండుసార్లు గుండె, ఊపిరి, జ్వరం, పొట్ట. పొట్ట నాలుగు చోట్ల, ఒక్కో చోట రెండేసి నిమిషాలు. ఎన్నిసార్లు మోగిందో అంకె వేసి బోర్డు మీద రాయాలి.

"చెవి ఆనించడాలు ఇక వద్దు. అంకె కావాలి నాకు. ఒక మంచి స్టెతస్కోపు కొనుక్కో."

"సోమవారం నుంచి రాయి," అన్నాడు సారు. "కష్టమైతే ఇప్పుడే చెప్పు. ఇంకో మనిషిని పెడతాను. రాగి తర్వాత నేను ఇంకో గుర్రాన్ని పోగొట్టుకోలేను."

"కష్టమేం లేదు సార్."

ఆ మాట అన్నప్పుడు ఆమె అబద్ధం చెప్పడం లేదు. కళ్ళు మసకబారితే కళ్ళజోడు ఉంటుంది. మోకాళ్ళు పోతే చేతికర్ర ఉంటుంది. చెవులకు ఇన్నాళ్ళూ తనకు తోచలేదుగానీ, డాక్టర్ల మెడలో వేలాడేది అదే కదా. అది పెట్టుకుంటే వాన మళ్ళీ పడుతుంది. మసి తన దగ్గరే ఉంటుంది.

శనివారం గంట సగం రోజు సెలవు పెట్టి వెంట వచ్చింది. వైద్య సామాన్ల కొట్టు సందు చివర ఉంది. గుమ్మంలో మడిచిపెట్టిన చక్రాల కుర్చీలు, లోపల గాజు అల్మారాల్లో తెల్లటి డబ్బాలు. బల్ల మీద ప్లాస్టిక్ ఎముకల చెయ్యి ఒకటి కాగితాలు ఎగరకుండా పడి ఉంది. కొట్టాయన కళ్ళజోడు నుదుటి మీదకు నెట్టి, "ఎవరికమ్మా? చదువుకునే పిల్లలకా?" అన్నాడు.

"మసికి."

"మసి ఎవరు?"

"గుర్రం," అంది గంట. "నల్లది. కొరుకుతుంది."

"కొరకదు."

"నన్ను కొరికింది."

"నీ చేతిసంచి కొరికింది. అందులో క్యారెట్లున్నాయి."

"సంచి నా భుజానే కదా ఉంది వదినా!"

కొట్టాయన ఒకసారి ఆమెనూ, ఒకసారి ఈమెనూ చూసి, ఈ బేరం తొందరగా తేలేది కాదని తెలుసుకుని, రెండు స్టూళ్ళు ముందుకు జరిపాడు. ఒక్కొక్క డబ్బా విప్పాడు.

మొదటిది నర్సమ్మలు రక్తపోటు చూసేది. చెవులమ్మ గొట్టాన్ని మూరవేసి చూసి తిరిగి ఇచ్చేసింది. "పొట్టిది. ఇది పెట్టుకుని డొక్క కింద వినాలంటే నా తల వెనక కాలి దగ్గర ఉంటుంది. ఈగ వాలిందని అది కాలు విదిల్చిందంటే, మీరు నాకు స్టెతస్కోపు కాదు, ఆ చక్రాల కుర్చీ అమ్మాల్సి వస్తుంది."

రెండోది పసిపిల్లలకు. ఒంటికి ఆనించే బిళ్ళ బటానీ అంత ఉంది. "దీన్ని మసి వెంట్రుకల్లో పెడితే మళ్ళీ దొరకదు." మూడోదాని గొట్టం పల్చగా, కరుకుగా ఉంది. దాన్ని తన జుట్టుకు రుద్ది చూసింది. "ఇది ఒంటికి రాసుకుని బరబరమంటుంది కదా. పేగు చప్పుడేదో, గొట్టం చప్పుడేదో ఎలా తెలుస్తుంది?"

కొట్టాయన కళ్ళజోడు కిందికి దింపాడు. "మీరు డాక్టరామ్మా?"

"కాదు."

"మా వదిన పేరే చెవులమ్మ," అంది గంట, తన బిడ్డ మార్కులు చెబుతున్నట్టు.

అప్పుడాయన లోపలి నుంచి నాలుగోది తెచ్చాడు. మెత్తటి మందపాటి గొట్టం. మిగతా వాటికంటే జానెడు పొడవు. బిళ్ళకు రెండు ముఖాలు. "వెడల్పు వైపు పల్చటి పొర ఉంది చూడండి, ఊపిరికీ పేగులకూ ఇది. తిప్పితే చిన్న గిన్నెలా ఉందే, అది లోతు చప్పుళ్ళకు, గుండెకు. పెట్టుకుని చూడండి. అయ్యయ్యో, తిరగేసి కాదమ్మా. చెవిలోకి వెళ్ళే బుడిపెలు ముక్కు వైపు చూడాలి."

ఆమె సరిచేసుకుంది. గంట మెడ కింద బిళ్ళ ఆనించింది. కళ్ళు మూసుకుంది.

ఏమీ లేదు.

ఇంకాస్త నొక్కింది. ఎక్కడో, మందపాటి దుప్పటి కింద ఎవరో అటు నుంచి ఇటు పొర్లినట్టయింది. అంతే. అదీ తన వేలి వణుకేమో. కళ్ళు తెరిచేసరికి ఇద్దరూ తన ముఖంలోకే చూస్తున్నారు.

"ఎలా ఉందమ్మా?"

"బాగుంది. బాగా వినపడుతోంది."

"లెక్కపెట్టండి చూద్దాం. గడియారం చూసి నేను చెబుతాను."

ఆమె చూపు గంట గొంతు గుంట మీద ఆగింది. అక్కడ చర్మం చిన్నగా ఎగిరిపడుతోంది. పెదవులు కదపకుండా లెక్కపెట్టింది. "డెబ్భై ఎనిమిది."

కొట్టాయన గంట మణికట్టు పట్టుకుని చూసి, "అక్షరాలా!" అన్నాడు.

గంట మాత్రం నవ్వలేదు. ముప్పై ఆరేళ్ళు ఒకే ఇంట్లో ఉన్న మనిషి చూపు ఎక్కడ ఆగిందో ఆమెకు తెలుసు. మెల్లగా చెయ్యి ఎత్తి తన గొంతు గుంటను అరచేత్తో కప్పుకుంది.

"ఇప్పుడు లెక్కపెట్టు వదినా."

కొట్టులో పంకా తిరుగుతోంది. చెవులమ్మ బిళ్ళను అటు జరిపింది, ఇటు జరిపింది. బిళ్ళ తిప్పి పెట్టింది. నిమిషం గడిచింది. ఆమె పెదవులు ఏ అంకె దగ్గరా మొదలవలేదు.

గంట ఆమె చెవుల నుంచి బుడిపెలు తీసి తన చెవుల్లో పెట్టుకుంది. ఉలిక్కిపడింది. "ఇంత గట్టిగానా! తలుపు బాదుతున్నట్టుంది కదా," అని, వదిన చెయ్యి పట్టుకుంది.

కొట్టాయన తల దించుకుని డబ్బాలు సర్దాడు. కాసేపటికి గాజు అల్మారా తాళం తీసి ఇంకొకటి తెచ్చాడు. "బ్యాటరీది. చప్పుడు పెంచుతుంది. ఒకసారి చూడండి." చెవులమ్మ పెట్టుకుంది. నిజంగానే చప్పుడు పెరిగింది. అన్నీ కలిసి ఒకటే హోరు. పంకా, తన వేళ్ళు, గంట ఊపిరి, వీధి, అన్నీ ఒకే బురదనీరుగా వచ్చి చెవుల్లో నిండాయి. ఆ నీళ్ళలో గుండె ఎక్కడుందో దొరకలేదు. ఆమె దాన్ని తీసి, దుమ్ము తుడిచి, రెండు చేతులతో బల్ల మీద పెట్టింది.

"మంచిదే," అంది. "నాకే సరిపోలేదు."

బయట కొట్టు మెట్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. ఎండ సందులో సగం దాకా వచ్చి ఆగింది. తర్వాత చెవులమ్మ రాగి సంగతి చెప్పింది. మూడు డొక్కలకూ చెవి ఆనించడం, మూడూ ఒకటే అనుకోవడం, ఫోనులో అన్న మాట. "నిన్న సాయంత్రానికే ఆగి ఉండాలని డాక్టరు అంటే, మోగిందన్నానే గంటా. చచ్చిపోయిన దాని తల నా ఒళ్ళో ఉండగా అన్నాను."

గంట చెప్పులోంచి కాలు తీసి మెట్టు మీద పెట్టుకుంది. "నాకు తెలుసు వదినా."

"ఏం తెలుసు?"

"రాగి సంగతి కాదు. నీకు కుక్కర్ విజిల్ వినపడటం లేదని. తలుపు కొడితే నేనే వెళ్ళి తీస్తున్నానా లేదా? చెబితే చిన్నబుచ్చుకుంటావని, గట్టిగా మాట్లాడటం నేర్చుకున్నాను. కింది వాటావాళ్ళు మనం రోజూ కొట్లాడుకుంటున్నామనుకుంటున్నారు. మొన్న ఆవిడ నన్ను ఆపి, పెద్దావిడతో సర్దుకుపొమ్మని బుద్ధి చెప్పింది." నవ్వబోయింది. నవ్వు సగంలో విరిగిపోయింది. "ముందే చెప్పుంటే..."

చెవులమ్మ ఆ మాటను పూర్తి చెయ్యనివ్వలేదు. ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది.

"పోనీ, నేను వచ్చి వింటాను," అంది గంట ముక్కు తుడుచుకుంటూ. "పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. నేను విని చెబుతాను, నువ్వు రాయి. ఎవరికి తెలుస్తుంది?"

"నీకు గుర్రమంటే భయం కదే."

"భయమే. ఏం చేస్తాం?"

"నీకు డ్యూటీ మారిన రోజు? జ్వరం వచ్చిన రోజు?" చెవులమ్మ తల అడ్డంగా ఊపింది. "ఆ రోజు మళ్ళీ ఆయన ఫోను చేస్తాడు. మళ్ళీ నా నోరు అదే మాట అంటుంది. దానికి అలవాటైపోయింది. నువ్వు రా. కానీ సారుకు చెప్పే రా."

"చెబితే నిన్ను ఉంచుతాడా?"

చెవులమ్మ లేచి, చీర దులుపుకుని, మళ్ళీ కొట్టులోకి వెళ్ళింది. కొట్టాయన డబ్బాలన్నీ సర్దేసి ఉన్నాడు.

"అన్నయ్యా, ఇంకోసారి అన్నీ తియ్యాలి. ఈసారి చెవులు ఈవిడవి."

ఆయన అన్నీ మళ్ళీ తీశాడు. ఈసారి చెవులమ్మ ఇంకా నిదానంగా చూసింది. గంట చెవి రంధ్రాలు చిన్నవి. గట్టి బుడిపెలు తీయించి, మెత్తటి చిన్న బుడిపెలు వేయించింది. "నొక్కుతోందా? అబద్ధం చెప్పకు. రెండు నిమిషాలు నాలుగు చోట్ల పెట్టుకోవాలి." కమ్మీలు ఎంత గట్టిగా బిగుస్తున్నాయో వేలు పెట్టి చూసింది. అదే పొడవాటి గొట్టం. "గొట్టం ఎంత పొడవైతే నీకూ కాలికీ అంత దూరం. భయం లేకుండా వినొచ్చు." పిల్లకు మొదటిసారి చెప్పులు కొంటున్న తల్లిలా వంగి, గంట చెవుల దగ్గర జుట్టు వెనక్కి సర్ది, "ఇది," అంది కొట్టాయనతో.

సోమవారం ఎనిమిదింటికి సారు బోర్డు తెచ్చాడు. తెల్లటి బోర్డు, మీద గళ్ళు గీసి ఉన్నాయి. గుండె, ఊపిరి, జ్వరం, పొట్ట. చివర 'చూసినవారు' అని ఒక గడి. అందులో ముందే ఆమె పేరు రాసి ఉంది. పెట్టెలో కాగితాల్లో ఉండే అసలు పేరు. ఆ అక్షరాలు చూసి ఆమె ఒక క్షణం ఎవరిదో అనుకుంది.

"సార్, ఆ సాయంత్రం రాగి పొట్ట మోగలేదు."

బోర్డు తుడిచే గుడ్డ సారు చేతిలోనే ఉండిపోయింది. ఆమె నిలబడే మొత్తం చెప్పింది. ఏడాది నుంచి వినపడటం లేదనీ, వేళ్ళతోనూ కళ్ళతోనూ నెట్టుకొచ్చాననీ, పొట్ట దగ్గర మోసం చేశాననీ, ఇక నుంచి పొట్ట తన ఆడపడుచు వింటుందనీ. గంట గేటు దగ్గరే ఆగిపోయి, స్టెతస్కోపు డబ్బాను ఛాతీకి హత్తుకుని నిలబడింది.

"నీ మాట నమ్మి నేను ఆ రోజు నిద్రపోయాను," అన్నాడు సారు చివరికి.

"అవును సార్."

"వినపడటం లేదని ఒక్క మాట చెప్పుంటే, నేనే వచ్చి చూసేవాణ్ణి కదా."

"అవును సార్."

ఆయన రాగి గది వైపు చూశాడు. అందులో కొత్త పొట్టు పరిచారు, ఎవరూ తొక్కలేదు. తర్వాత చెయ్యి చాచాడు. ఆమె నడుం దగ్గర దోపుకున్న తాళాలగుత్తి తీసి అందులో పెట్టింది. పదకొండేళ్ళుగా ఆ గుత్తి రాసుకున్న చోట చీరకు తుప్పు మరక ఉంది. అది అలాగే ఉండిపోయింది.

"ఒకటో తారీఖుకు కొత్త మనిషి వస్తాడు," అన్నాడాయన. కోపంగా కాదు. అలసిపోయినట్టు. "అప్పటిదాకా మసిని నువ్వే చూడు. నువ్వు లేకపోతే అది ఆ నాలుగు పరకలు కూడా తినదు. పొట్ట మాత్రం ఆవిడ వినాలి. వచ్చే అతనికి కూడా నేర్పించి వెళ్ళండి." బోర్డు మీద ఆమె పేరు తుడిచి, గంట వైపు తిరిగాడు. "నీ పేరేంటమ్మా?"

గంట చెప్పింది. మైకు లేకుండా ఆమె గొంతు అంత చిన్నగా వచ్చిందని ఆమెకే తెలియలేదు.

సారు వెళ్ళిపోయాక చెవులమ్మ మసి తలను భుజానికి ఆనించుకుని, దాని కళ్ళకు అడ్డంగా చెయ్యి పెట్టి, "రా," అంది. గంట ఒక్కొక్క అడుగే వేస్తూ వచ్చింది. మసి చెవి ఒకటి అటు తిప్పింది.

"నన్ను చూస్తోంది వదినా."

"చూడటం లేదు. వింటోంది. నీ చేతిలో క్యారెట్లేమీ లేవని దానికి తెలుసు. ముందు మోచేతి వెనక, ఇదిగో, ఇక్కడ. గుండె. గిన్నె వైపు పెట్టు. లబ్ డబ్ రెండూ కలిపి ఒకటే లెక్క. నీలా డెబ్భై ఎనిమిది కొట్టుకోదు, కంగారుపడకు. దాని గుండె పెద్దది, తీరిగ్గా ఉంటుంది."

గడియారం చూస్తూ గంట విన్నది. చెవులమ్మ వేళ్ళు అప్పటికే దవడ కింద ఉన్నాయి.

"నలభై," అంది గంట.

"నలభై," అంది చెవులమ్మ కూడా అదే క్షణంలో.

తర్వాత పొట్ట. గంట చేతిని తన చేత్తో పట్టుకుని, బిళ్ళను కుడి డొక్క పై భాగంలో పెట్టి, వెంట్రుకల మీద జరపకుండా నొక్కి ఉంచింది. తను కూడా, అలవాటు కొద్దీ, పక్కనే బుగ్గ ఆనించింది. వెచ్చగా ఉంది. ఎప్పటిలాగే వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం వెనక ఏమీ లేదు.

"ఏం వినపడుతోంది?"

"ఏమీ లేదు వదినా." గంట గొంతులో భయం. "ఏమీ లేదు."

"ఆగు. తియ్యకు. బిళ్ళ కదపకు."

గడియారం ముల్లు సగం తిరిగింది. మసి తోక ఒకసారి ఊపింది. చెవులమ్మ గంట ముఖాన్నే చూస్తూ నిలబడింది.

గంట కనుబొమలు పైకి లేచాయి. "వచ్చింది! అమ్మో, పొడుగ్గా వస్తోంది. ఇంకా వస్తోంది..."

"ఎలా ఉంది?" చెవులమ్మ గబగబా అడిగింది. "వానలా ఉందా? దూరంగా, రేకుల మీద పడినట్టు?"

గంట కళ్ళు మూసుకుని జాగ్రత్తగా విన్నది. వదినకు నచ్చే మాట చెప్పాలని ఆమెకు ఎంత ఉందో ఆమె ముఖంలో కనపడుతూనే ఉంది. కానీ వినడంలో అబద్ధం చెప్పకూడదని ఆమె రెండు రోజుల కిందటే నేర్చుకుంది.

"లేదు వదినా. వానలా లేదు. పై వాటాలో ఎవరో నిండు డ్రమ్ము దొర్లిస్తున్నట్టుంది."

చెవులమ్మ బుగ్గ ఇంకా మసి ఒంటికే ఆనుకుని ఉంది. గుర్రానికి అవతలి వైపు ఎవరూ లేరు. "ఇటూ పడుతోంది" అనేవాళ్ళు ఎవరూ లేరు. ఆమె కాసేపు అలాగే ఉండి, మెల్లగా తల తీసింది. బుగ్గకు నాలుగు నల్లటి వెంట్రుకలు అంటుకున్నాయి.

"సరే," అంది. "అది కూడా మంచి చప్పుడే. రెండు నిమిషాల్లో ఎన్నిసార్లు?"

"మూడు."

"రాయి."